పెరీనా పొలంలో పురాతన గుడి

స్తారి ముల్
2009 సెప్టెంబరు 14

పెరీనా అక్కకి శిమూన్ రాసేది,

ఫోన్లో నా మాట నీకు వినబడదు. వింకా ఏమో నేను ఫోన్లో అరిస్తే వీధి వీధంతా వింటోందని మూతి ముడుస్తుంది. మా ఆవిడకీ మా అక్కకీ మధ్యేమార్గం ఉత్తరమే.

నాకు ఉద్యోగం వచ్చిందక్కా. నవ్వకు. సిమెంటు ఫ్యాక్టరీ మూసేశాక, యాభై అయిదేళ్ళ వాణ్ణి ఇంకెవరు పిలుస్తారులే అనుకున్నాను. రెండు వేల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు పిలిచారు. మన ఊరి పురాతన కట్టడాలన్నిటికీ ఇప్పుడు నేనే కావలి. టోపీ ఇచ్చారు, ఈల ఇచ్చారు. ఈల ఎందుకంటే, "ఎవరైనా ఏదైనా ముట్టుకుంటే ఊదు" అన్నారు. ఇంతవరకూ ముట్టుకునేంత ఆసక్తి ఎవరికీ కలగలేదు.

కట్టడాలు మూడు. మొదటిది రోమన్ల నీళ్ళ తొట్టి. అందులో కప్పలున్నాయి. అవి రోమన్ల నాటివో కావో ఇంకా తేల్చలేదు. రెండోది బడి వెనకాల పాత చర్చి నేల, రంగురాళ్ళతో నెమళ్ళు పొదిగినది. ఎండకి పాడవుతుందని దాని మీద మోకాలెత్తు ఇసుక పోశారు. వచ్చినవాళ్ళకి ఇసుక చూపించి, "కింద నెమళ్ళున్నాయండి" అని చెప్పాలి. పోయినవారం ఒక జర్మన్ ముసలాయన ఆ ఇసుకనే ఫొటో తీసుకుని, నాకు చెయ్యి కలిపి మరీ వెళ్ళాడు. ఎంత మర్యాదస్తుడో.

మూడోది చెబుతాను, కూర్చో. కూర్చున్నావా? నీ పొలంలో నాన్న కట్టిన రాతి గుడిసె.

అది ఇప్పుడు గుడిసె కాదు, గుడి. జూన్‌లో ప్రొఫెసర్ లుక్షిన్ అనే ఆయన రాజధాని నుంచి పదిమంది విద్యార్థుల్ని వేసుకొచ్చి, ద్రాక్షతీగల మధ్య నాలుగు కాళ్ళ మీద పాకి పాకి కొలిచాడు. రోమన్ల కంటే ముందు ఇక్కడుండిన ఇలీరియన్లు కట్టిన గుడి అట. రెండువేల ఏడువందల ఏళ్ళ నాటిదట. నన్నూ అడిగాడు: "శిమూన్ గారూ, ఇదెప్పటినుంచి ఉంది?" "నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఉందండి" అన్నాను. అబద్ధమా? కాదు కదా. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు: "ఈ కట్టడం లేని కాలమొకటి ఉన్నట్టు స్థానికులకి జ్ఞాపకం లేదు."

పక్క ఊరివాళ్ళకి రోమన్ల రంగస్థలం ఉందని ఇన్నాళ్ళూ మన మేయర్‌కి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. కాబట్టి అక్కా, నాన్న కట్టాడన్న మాట మనిద్దరి మధ్యే ఉండనీ. రెండు సీసాల ఆలివ్ నూనె, ఎండు అంజీర పళ్ళు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నీ తమ్ముడు
శిమూన్ (టోపీతో)

రియెకా
సెప్టెంబరు 29

తమ్ముడూ,

నూనె అందింది. అంజీరాలు సగమే అందాయి, డ్రైవరుకి ఆకలేసినట్టుంది. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. టోపీ పెట్టుకున్న ఫొటో పంపు, వంటింట్లో పెట్టుకుని నవ్వుకుంటాను.

నేనూ నీకొక మాట చెప్పకుండా ఉంచాను. పని అయ్యాక చెబుదామనుకున్నాను. వేసవి మొదట్లో నా పొలంలో ఒక్క గది కట్టుకోవడానికి దరఖాస్తు పెట్టాను. పనిముట్ల కొట్టం కూలిపోయిన చోట, ఒకే గది, ఒక పొయ్యి, పడమటి వైపు కిటికీ. మీ బావ పోయి నాలుగేళ్ళు. అయిదో అంతస్తు. లిఫ్టు మీ బావకంటే ముందే పోయింది. ఎనభై నాలుగు మెట్లురా. రొట్టె కోసం దిగితే, ఎక్కేసరికి రొట్టె చల్లారి గట్టిపడిపోతుంది. సముద్రం కనబడుతుంది, అబద్ధమాడకూడదు, రెండు క్రేన్ల మధ్య తువ్వాలంత. డెబ్భై ఒకటి వచ్చింది నాకు. నా పొలంలో, నా కుర్చీలో కూర్చుని చావాలని ఉంది. ఇంకేమీ అడగడం లేదు.

నిన్న జవాబొచ్చింది. "సదరు స్థలము ఇలీరియన్ దేవాలయమునకు నూరు మీటర్ల లోపు ఉన్నందున, ఏ విధమైన కట్టడమునకును అనుమతి లేదు." కోళ్ళగూడు కూడా కూడదట. కోళ్ళగూడు నేనడగలేదు, వాళ్ళంతట వాళ్ళే రాశారు.

నీ గుడి వల్ల నా గది పోయింది శిమూన్. రేపే ఆ ప్రొఫెసర్ దగ్గరికెళ్ళి, దాన్ని కట్టింది ఇలీరియన్లు కాదని చెప్పు. వెయ్యి మాటలక్కర్లేదు. ఆ ఒక్కటీ చాలు.

పెరీనా

స్తారి ముల్
అక్టోబరు 18

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు వింకా ఉప్పుచేపలు వేయించింది, కొంచెం సయించింది.

వెళ్ళాను. నిజంగానే వెళ్ళాను. ప్రొఫెసర్ హోటల్ వసారాలో కాగితాలు పరుచుకుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "రండి రండి శిమూన్ గారూ, మీ పూర్వీకులు ఎంతటివాళ్ళో చూడండి" అంటూ కూర్చోబెట్టాడు. గుమ్మం నడుమెత్తే ఎందుకుందో తెలుసా? లోపలికొచ్చే ప్రతివాడూ దేవతలకి వంగాలట. లోపల గోడలో గూడుంది కదా, నాన్న నీళ్ళ కూజా పెట్టుకునేది? అది చచ్చిపోయినవాళ్ళకి నైవేద్యం పెట్టే చోటట. అన్నిటికంటే పెద్దది రాళ్ళ వరస. మన ఊళ్ళో గుడిసెలన్నిటిలోనూ వరస కుడివైపు తిరుగుతూ పైకి పోతుంది, ఇదొక్కటే ఎడమవైపు తిరుగుతుంది. పొద్దుకి ఎదురు తిరగడమంటే చావుని పూజించడమట. "ఈ ఒక్క సాక్ష్యం చాలు" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. కాఫీ కూడా ఆయనే ఇప్పించాడు. అలాంటి మనిషి మొహం మీద, "అది మా నాన్న కూజా గూడండీ" అని ఎలా అనను?

ఇంకొకటి. మూడేళ్ళు ఈ టోపీ పెట్టుకుంటే నా పెన్షన్ పూర్తవుతుంది. గుడి లేకపోతే కావలి లేదు. కప్పలకి కావలి అక్కర్లేదని మేయర్ ముందే అన్నాడు.

నువ్వు మా ఇంటికొచ్చి ఉండు. మేడమీద గది ఖాళీగానే ఉంది. వింకా సరేనంది. ఒక రోజంతా మాట్లాడలేదు గాని, తర్వాత సరేనంది.

అయినా నాన్న కట్టాడనడానికి రుజువేదక్కా? నాకు నాన్న చెప్పాడు, అంతే. నాన్న చెప్పినవన్నీ నిజాలే అయితే, ఆయన ఒక్కడే ఒట్టి చేతుల్తో తిమింగలాన్ని కూడా పట్టాడు.

శిమూన్

రియెకా
నవంబరు 6

శిమూన్,

మీ మేడమీద గదికి నేను రాను. వింకా మంచిది. మంచివాళ్ళ ఇంట్లో రోజూ థాంక్స్ చెబుతూ బతకడం ఎనభై నాలుగు మెట్లకంటే కష్టం.

రుజువు అడిగావు కదా. విను. ఆ గుడిసె ఇలీరియన్లు కట్టలేదు. నాన్నా కట్టలేదు. నేను కట్టాను.

అప్పుడు నాకు పదిహేడు, నీకు ఏడాది. నాన్న ఆలివ్ చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వసంతంలో ద్రాక్షపాదులు తవ్వే నాటికి పొలంలో తలదాచుకునే చోటుండాలి. మగవాళ్ళు పేర్చాలి, ఆడవాళ్ళు రాళ్ళు మొయ్యాలి, మన ఊరి పద్ధతి అంతే కదా. పేర్చే మగవాడు మంచం మీదున్నాడు. నేను మోశాను, నేనే పేర్చాను. నాలుగు నెలలు. ఉత్తరపు గాలికి వేళ్ళు పగిలి, రాళ్ళమీద రక్తం మరకలయ్యేవి. నాన్న సాయంత్రం గాడిదమీద వచ్చి, చేతికర్రతో పొడిచి చూసి, "కదులుతోంది, తోసెయ్, మళ్ళీ పేర్చు" అనేవాడు. అదే ఆయన చేసిన సాయం.

రాళ్ళ వరస ఎడమవైపు ఎందుకు తిరిగిందంటావా? నాది పుర్రచేతివాటం కాబట్టి. బడిలో టీచరమ్మ వేళ్ళ మీద కొట్టి కుడిచేత్తో రాయించింది. పొలంలో కొట్టేవాళ్ళెవరూ లేరు, నా చెయ్యి నా ఇష్టం. గుమ్మం నడుమెత్తే ఎందుకంటే, అంతకంటే ఎత్తున అడ్డురాయి పెట్టడానికి నాకు బలం చాలలేదు. చావుని పూజించలేదు బాబూ. చలేసింది.

కప్పు మీద చివరిగా మూతరాయి పెట్టిన రోజు ఊరంతా వచ్చింది. కట్టినవాడికి మొదటి గ్లాసు వైను ఇస్తారు కదా. నాన్న కట్టుకట్టిన కాలు చాపుకుని గోడమీద కూర్చున్నాడు. గ్లాసు ఆయన చేతికే ఇచ్చారు. ఆయన తాగాడు. "ఒంటికాలి మీద కట్టాడు చూడండి" అని అందరూ మెచ్చుకున్నారు. నేను పొయ్యి దగ్గర ఊచకి గుచ్చిన గొర్రెపిల్లని తిప్పుతున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆడపిల్ల రాయి పేర్చిన పొలంలో ద్రాక్ష కాయదంటారు. కాయలేదా మరి?

పోయే ముందు ఆ పొలం నా పేర రాశాడు. కొడుకుండగా కూతురికెందుకని ఇరవై ఏళ్ళు నువ్వు మొహం మాడ్చుకున్నావు. ఇప్పుడు తెలిసిందా ఎందుకో? నాన్న నోటితో ఎన్నడూ ఒప్పుకోలేదు. రిజిస్ట్రారు ముందు ఒప్పుకున్నాడు.

ఇదంతా రాసి కట్టడాల కమిషన్‌కి పంపాను. నిన్నడుగుతారు. నిజం చెప్పు.

అక్క

స్తారి ముల్
నవంబరు 25

ప్రియమైన అక్కకి,

ఇక్కడ వానలు. ఈసారి వానలు మామూలుగా లేవు. తొట్టి నిండి కప్పలు రోడ్డు మీదికొచ్చాయి. చర్చి ఇసుక కొంచెం కొట్టుకుపోయి ఒక నెమలి తోక బయటపడింది. ఊరంతా వచ్చి చూశారు, చాలా అందంగా ఉంది, మళ్ళీ కప్పేశాం. వింకా తమ్ముడికి మూడో ఆడపిల్ల పుట్టింది. ఆలివ్ నూనె ఈ ఏడు కొంచెం చేదు, అయినా మంచిదే. మన వీధి చివర దీపం బాగుచేశారు.

నీ ఉత్తరం చదివాను. నాకు తెలియదు కదా అక్కా అదంతా. నాకు ఏడాది.

కమిషన్ వాళ్ళు వచ్చి అడిగారు. నేను చెప్పవలసింది చెప్పాను. వాళ్ళే నీకు రాస్తారు.

చలి ఎక్కువగా ఉంది, జాగ్రత్త.

శిమూన్

రియెకా
డిసెంబరు 12

పురాతన కట్టడాల కావలివారు
శ్రీ శిమూన్ గారికి,

కమిషన్ వారి జవాబు అందినది. తమరికీ ఆనందం కలుగుతుందని ఒక ముక్క ఎత్తి రాస్తున్నాను:

"దరఖాస్తుదారు వయోవృద్ధురాలు కావడం చేతను, ఆమె మతిమరుపు విషయమై ఆమె సోదరుడు స్వయముగా ఇచ్చిన వాఙ్మూలం దృష్ట్యాను, ఆమె కథనమును చారిత్రక సాక్ష్యముగా గాక, దేవాలయము పట్ల స్థానిక స్త్రీలకు గల భక్తికి నిదర్శనమైన జానపద గాథగా భద్రపరచడమైనది."

కాబట్టి నేనిప్పుడు జానపద గాథని. బీరువాలో పెట్టారట, మీ ఇసుక కింది నెమలిలాగే.

మతిమరుపు నిజమే కాబోలు. నాకొక తమ్ముడుండేవాడు. వాడికి పొంగు పోసినప్పుడు పదకొండు రోజులు ఎత్తుకుని తిరిగాను. వాడి పేరేమిటో ఇప్పుడెంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

తమరి టోపీ క్షేమమని తలుస్తాను.

పెరీనా

స్తారి ముల్
2010 ఫిబ్రవరి 21

అక్కా,

క్రిస్మస్‌కి రాసిన కార్డుకీ జవాబు లేదు, కొత్త సంవత్సరానికి రాసినదానికీ లేదు. నువ్వు రాయవు, తెలుసు. అయినా ఇది చదువు. చదివి నవ్వుకో.

గుడిసె కూలింది.

గాలికి కాదు, పిడుగుకి కాదు. మేయర్ ఒక ఇత్తడి పలక చేయించాడు, నాలుగు భాషల్లో "తాకరాదు" అని. దాన్ని తగిలించడానికి బ్యాండుమేళంతో, పిల్లల డాన్సుతో పెద్ద సభ. గోడకి డ్రిల్లు పెట్టారు. మొదటి బెజ్జానికి ఏమీ కాలేదు. రెండో బెజ్జానికి గుడిసె ఆవలించింది. అందరం వెనక్కి దూకాం. కప్పు సగం, తూర్పు గోడ పైభాగం లోపలికి జారిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను ఈల ఊదాను. ఎవరిమీద ఊదానో నాకే తెలియదు.

రాజధాని నుంచి నలుగురు నిపుణులొచ్చారు, నలుగురూ డాక్టర్లే, ఒక్కరికీ సూది వెయ్యడం రాదు. ప్రతి రాయికీ సుద్దముక్కతో నంబరు వేశారు. ఆ సాయంత్రమే వాన. నంబర్లన్నీ కొట్టుకుపోయాయి. మళ్ళీ పేర్చారు, పడింది. రెండోసారి పేర్చారు, పడింది. మూడోసారి పడుతూ పడుతూ పక్కనున్నవాటిని కూడా తీసుకుపోయింది. వాళ్ళలో పెద్దాయన ద్రాక్షపాదులో కూర్చుని ఏడ్చాడు. ప్రొఫెసర్ లుక్షిన్ అయితే తిండి మానేశాడు.

నేను చూస్తూనే ఉన్నానక్కా. కింద మిగిలిన నీ వరసలన్నీ ఎడమకి వాలి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వీళ్ళు కుడిచేత్తో కుడివైపుకి పేరుస్తున్నారు. ఎలా నిలుస్తుంది? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చెబితే, ఎలా తెలుసని అడుగుతారు.

మొత్తం కూలిపోతే నీ గదికి దారి దొరుకుతుందేమోనని కమిషన్‌లో కనుక్కున్నాను. లేదట. కుప్పగా మారినా కుప్పకి నూరు మీటర్లట.

నువ్వొచ్చి చెప్పు, ఎలా పేర్చాలో. ఇంకెవరికీ తెలియదు.

శిమూన్

రియెకా
మార్చి 2

శిమూన్,

నేనెలా చెప్పగలను? నాకు మతిమరుపు కదా.

అయినా ఇవాళ పొద్దున్నే కాస్త గుర్తుకొస్తున్నట్టుంది. మళ్ళీ మర్చిపోయేలోపు రాసేస్తాను.

ఒకటి. కమిషన్ అందరూ కూర్చున్న చోట నిలబడి, నీ నోటితో చెప్పు, ఎవరు కట్టారో. చీటీ పంపితే కుదరదు, చెవిలో చెబితే కుదరదు. నాన్న గురించి చెడ్డగా ఒక్క మాట అనకు. కాలు విరిగిందని చెప్పు, చాలు.

రెండు. నేను పేరుస్తుంటే నా వెనకాల ఎవరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా డాక్టర్లు.

మూడు. నూరు మీటర్ల కాగితం చింపెయ్యాలి.

మూతరాయి పగిలిందా? అది పగలకపోతే మిగతావన్నీ అవుతాయి. నా మోకాళ్ళు పాడయ్యాయి గాని, చేతులు బాగానే ఉన్నాయి.

పెరీనా

స్తారి ముల్
మార్చి 19

అక్కా,

మూతరాయి పగల్లేదు. ముందు అది చెబుదామని.

చెప్పాను. బడి హాల్లో, చిన్నపిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు అందరూ. టోపీ తీసి బల్లమీద పెట్టాను. "కట్టింది మా అక్క పెరీనా. పదిహేడేళ్ళప్పుడు కట్టింది. మా నాన్నకి కాలు విరిగింది. మా అక్కకి మతిమరుపు లేదు. మతిమరుపు నాది, అదీ ఉద్యోగం వచ్చినప్పటినుంచీ" అన్నాను.

ప్రొఫెసర్ మెల్లగా అడిగాడు: "రెండువేల ఏడువందల ఏళ్ళు...?"

"యాభై అయిదండీ ప్రొఫెసర్ గారూ. నాకంటే ఏడాది చిన్న."

మేయర్ లేచి తలుపు గడియ పెట్టాడు. "ఈ మాట ఈ గది దాటకూడదు. పక్క ఊరివాళ్ళకి తెలిస్తే మనం వీధిలో తలెత్తుకోగలమా?" అన్నాడు. అందరికీ కాఫీ ఇవ్వడానికి వచ్చిన వింకా అప్పుడే గ్లాసులు ఏరుతోంది. ఆమెని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రానికి కోస్తా కోస్తా అంతా తెలిసిపోయింది. నీ మరదలి గురించి ఇకముందు నేనేమీ అనను.

కమిషన్ తీర్పు: పెరీనా గారే వచ్చి చేసి చూపించాలి. నిలబెడితే కాగితం రద్దు. నిలబెట్టలేకపోతే, దేవాలయాన్ని అవమానించినందుకు నామీద కేసు. అది పెద్ద విషయం కాదు. నేను చెయ్యాల్సిన అవమానం నవంబరులోనే చేశాను, దానికి కేసు పెట్టేవాళ్ళే లేరు.

రా అక్కా. బస్సు దగ్గరుంటాను.

శిమూన్

రియెకా, నీ వంటింటి బల్ల
జూన్ 8

అక్కా,

మనం చోటు మార్చుకున్నాం చూశావా? నువ్వు ఊళ్ళో, నేను నీ అయిదో అంతస్తులో. ఊరికి పంపడానికి నీ సామాను దించడం సగమైంది. బీరువాని రెండో అంతస్తు దాకా తెచ్చి, దానిమీదే కూర్చుని అలుపు తీర్చుకున్నాను. ఎనభై నాలుగు కాదు, ఎనభై ఆరు మెట్లు. నువ్వు రెండు తక్కువ చెప్పావు. నీ అలవాటే అది, కష్టాన్ని తగ్గించి చెప్పడం.

నిన్న పేపర్లో ప్రొఫెసర్ వ్యాసం వచ్చింది. "ఇలీరియన్ల చేతినేర్పు నేటికీ బతికే ఉంది" అట. నువ్వే ఆ ఇలీరియన్‌వి. ఫొటో కూడా వేశారు, నీ ఎడమచెయ్యి మాత్రమే. మొహం పడలేదు. నాకు కోపమొచ్చింది గాని, చెయ్యి చూస్తే కోపం తగ్గింది. నువ్వొచ్చి గుడిసెని మళ్ళీ పేర్చిన ఆ తొమ్మిది రోజులు ఆ చెయ్యి రాయిని తీసుకుని, ఒకసారి తిప్పి, ఇక రెండోసారి తిప్పకుండా పెట్టడం చూశాను. నలుగురు డాక్టర్లూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. యాభై అయిదేళ్ళు ఆ గుడిసెలో వానకి దాక్కున్నాను నేను. ఆ గోడ తడిమితే ఎవరు కట్టారో చేతికి తెలుస్తుందని నాకు తెలియలేదు.

ఒకటి అడగాలని అడగలేకపోయాను. మూతరాయి పెట్టాక మేయర్ మొదటి గ్లాసు నీకిచ్చాడు. నువ్వు తాగకుండా గోడ పక్కన పోశావు. నాన్న కోసమా? నాన్న మీద కోపమా?

నీ గది దరఖాస్తు మళ్ళీ తిరగ్గొట్టారని వింకా రాసింది. గుడి ఉన్నప్పుడు, గుడి ఉంది కాబట్టి కట్టొద్దన్నారు. గుడి కాదని తేలాక, అయితే ఇది ఉత్త పొలమే, పొలంలో ఇల్లు కూడదన్నారు. నాకు నవ్వు రాలేదక్కా. నీకోసం నేను చేసిన ఒక్క మంచి పనీ ఇలా అయింది.

కావలి ఉద్యోగం ఎలాగూ పోయింది. కింది అంతస్తు ఆయన ఇక్కడే రేవు గేటు దగ్గర కావలి పని చూసుకోమంటున్నాడు. ఉండిపోదామా అనిపిస్తోంది. మన ఊళ్ళో నన్ను చూస్తే నవ్వుతున్నారు. నవ్వినా ఫరవాలేదు, నువ్వు నవ్వకుండా చూస్తావు, అదే కష్టం. నవంబరులో నేను చేసింది నువ్వు మర్చిపోలేదు. మర్చిపోమని అడగడానికి నాకు మొహం లేదు.

శిమూన్

పొలం, స్తారి ముల్
జూన్ 17

తమ్ముడూ,

గ్లాసులో ఈగ పడింది. అందుకని పోశాను. నాన్న ఉండి ఉంటే ఈగతో సహా తాగేవాడు.

రేవు గేటు దగ్గర నిన్నెవరూ ఉండమనలేదు. వింకా మొహం చూడలేక నేను చస్తున్నాను, మూడు వారాలుగా ఉప్పుచేపలు ఒక్కర్తికే వేయించుకుంటోంది.

ఇప్పుడు పని మాట. కమిషన్ కాగితం వెనకాల సన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది, ప్రొఫెసర్ చదివి చెప్పాడు. పొలం పని చేసుకునేవాళ్ళు వానకీ ఎండకీ తలదాచుకోవడానికి సున్నం, సిమెంటు లేకుండా రాళ్ళు పేర్చుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదట. ఎంత పెద్దదో రాయలేదు. మంచం పెట్టుకోవచ్చా అన్నది కూడా రాయలేదు. రాయలేదు కాబట్టి మొదలుపెట్టాను.

పాత కొట్టం చోటులోనే. మంచం పట్టేంత, పొయ్యి పట్టేంత, పడమటి వైపు కిటికీ. ప్రొఫెసర్ రోజూ పొద్దున్నే వచ్చి రాళ్ళు అందిస్తున్నాడు. మంచివాడే, బాగానే మోస్తాడు, కాకపోతే ప్రతి రాయినీ ఇచ్చేముందు కొలుస్తాడు. నిన్న అడిగాడు, "పెరీనా గారూ, కిటికీ పడమటికే ఎందుకు? చచ్చిపోయినవాళ్ళ దిక్కనా?" అని. "కాదండీ, సముద్రం అటుంది" అన్నాను. రాసుకున్నాడు.

నవంబరు గురించి. మర్చిపోలేదు. మర్చిపోను కూడా. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉందని నువ్వే కమిషన్ ముందు సాక్ష్యం చెప్పావు కదా, ఇప్పుడు అనుభవించు. కాని కోపం వేరు, గోడ వేరు. గోడ నా భుజం దాకా వచ్చింది. ఇక్కణ్ణుంచి ఎక్కి పేర్చాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవు, ప్రొఫెసర్‌కి కళ్ళు తిరుగుతాయి. నేను కింద కుర్చీలో కూర్చుని చెబుతాను, నువ్వు పైన పేర్చు. కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో. మొదట్లో చెయ్యి వినదు, రెండు రోజుల్లో వింటుంది. నీకు నేర్పకుండా నేను పోతే, ఈసారి నిజంగానే ఇలీరియన్లు కట్టారంటారు.

బీరువాని అక్కడే వదిలెయ్, రెండో అంతస్తువాళ్ళు వాడుకుంటారు. శుక్రవారం బస్సుకి రా. వానలు పడేలోపు మూత పెట్టాలి.

అక్క